బాడీ కట్టేవాడి అరచెయ్యి

ఆయన పోయినప్పుడు నేను సెలవు అడగలేదు. చనిపోయినాయన మీకేమవుతారని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆయన జర్మన్, నేను విజయవాడవాణ్ని. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆయనకు కార్లు తయారుచేసే కంపెనీ ఉండేది. నేను అందులో అడ్మిన్ పనులు చూసేవాణ్ని. నాలుగేళ్ళపాటు పొద్దున్నే ఆయన్ని నా కారులో తీసుకెళ్ళి సాయంత్రం దింపేవాణ్ని. అది నా ఉద్యోగంలో భాగం కాదు. 2020లో ఆయన డ్రైవరు ఊరికెళ్ళాడు, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఆయనది బర్ దుబాయ్‌లో పాత ఫ్లాటు, ఈ దేశానికి వచ్చిన కొత్తలో అద్దెకు దిగిందే. నేనూ ఆ పక్క వీధిలోనే ఉంటాను. కొన్నాళ్ళకే కదా అనుకుని మొదలుపెట్టాం. డ్రైవరు తిరిగి రాలేదు. మేం అలవాటుపడిపోయాం.

ఆయన జీవితం గురించి నాకు తెలిసిందంతా ఆ కారులో విన్నదే.

ఆయన పనికి ఇంగ్లీషులో ఓ పెద్ద పేరుంది. మా ఊళ్ళో దాన్ని బాడీ కట్టడం అంటారు. ఆటోనగర్‌కి లారీ చాసిస్ ఒట్టిదే వస్తుంది. ఇంజినూ చక్రాలూ ఉంటాయి, తలుపులుండవు. డ్రైవరు ఓ చెక్క మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎక్కడో ఉత్తరాది ఫ్యాక్టరీ నుంచి దాన్ని అలాగే నడుపుకుంటూ వస్తాడు. మిగతాదంతా షెడ్డులో కడతారు. మా నాన్నకు అలాంటి షెడ్డు ఉండేది. నేను పుస్తకాలు చదువుకుని ఆ దుమ్ములోంచి బయటపడ్డానని అనుకునేవాణ్ని. అందుకే ఈ సంగతి ఆయనకు చాలాకాలం చెప్పలేదు. ఓ రోజు మాటల్లో నోరు జారితే ఆయన సీట్లో పక్కకు తిరిగి నన్ను చూశారు.

“మీ నాన్న కోచ్‌బిల్డరా? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“లారీలే సార్. చెక్క బాడీలు.”

“అయితే ఏం? లారీ తలుపు తలుపు కాదా?”

మర్నాడు కారెక్కుతూనే “గుడ్ మార్నింగ్, ఆటోనగర్” అన్నారు. ఆ రోజు నుంచి నాకదే పేరు. ఫ్యాక్టరీలో అందరి ముందూ అలాగే పిలిచేవారు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత ఎవరైనా నన్ను అసలు పేరుతో పిలిస్తే ఆయన పిలుపే కావాలనిపించేది.

దక్షిణ జర్మనీలో ఓ చిన్న ఊరు ఆయనది. తండ్రి బండి చక్రాలు చేసేవాడట. పద్నాలుగో ఏట ఓ గురువు దగ్గర పనిలో చేరారు. ఒక్కో కారుకు విడిగా రేకు కొట్టి బాడీ చేసే రోజులవి. రేకును సుత్తితో వంచి నునుపు చేశాక, గురువు పల్చటి నూలు గ్లౌజు వేసుకుని, కళ్ళు మూసుకుని, అరచేత్తో దాన్ని మెల్లగా నిమిరేవాడు. కంటికి కనపడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. వాళ్ళు దాన్ని అల అంటారు. అల ఉన్న రేకుకు రంగు వేస్తే ఎండలో వంకరగా మెరుస్తుంది.

పెద్ద కంపెనీలు బాడీలు మొత్తం యంత్రాలతో నొక్కడం మొదలుపెట్టాక ఆ షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆయన ఎనభైల్లో ఇక్కడికి వచ్చారు. మొదట షార్జాలో ఓ షెడ్డు. అంబులెన్సులు, రొట్టెలమ్మే వ్యాన్లు, వేటకెళ్ళే షేకుల డేగలు కూర్చునే కొయ్యలు బిగించిన బండ్లు కట్టారు. “ఇక్కడ నేను డేగలకు సీట్లు చేశాను, ఆటోనగర్. మనుషుల కంటే నయం, సీటు గట్టిగా ఉందని గొణగవు” అనేవారు. డెబ్భై దాటాక, కరోనా టెస్టులు చేసే వ్యాన్లకు ఆర్డర్లు ముంచెత్తిన ఏడాదే, తన పేరు మీద కారు తయారు చేయాలని నిర్ణయించుకున్నారు. ఇంతకాలం వేరేవాళ్ళ చాసిస్‌ల మీద కట్టాను, పోయేలోగా ఒక్కటైనా నాది ఉండాలి అన్నారు. ఇద్దరు పెట్టుబడిదారులు దొరికారు. పైకప్పు లేని, ఇద్దరు కూర్చునే చిన్న కారు అది. బాడీ అల్యూమినియం. తలుపులు చేత్తో కొట్టినవి. పెట్టుబడిదారులకు ఆయన ఇచ్చిన హామీ ఒక్కటే. ప్రతి తలుపూ నా చెయ్యి చూశాకే బయటకు వెళ్తుంది అన్నారు.

శుక్రవారం పొద్దున ఆయన తలుపులు పాస్ చేసేవారు. వారంలో తయారైనవన్నీ స్టాండ్ల మీద వరసగా పెడితే, గ్లౌజు వేసుకుని నిమిరి, బాగుంటే లోపలివైపు చాక్‌పీసుతో గీత గీసేవారు. ఆ పని జరుగుతుంటే ఎవరూ మాట్లాడేవారు కాదు. రేకు పని అంతా మా మేస్త్రీ చేతిలో ఉండేది. జగిత్యాల వైపు మనిషి, గల్ఫ్‌లో ముప్ఫై ఏళ్ళ అనుభవం. మేస్త్రీని జర్మన్ “ఉస్తాద్” అనేవారు. మేస్త్రీ జర్మన్‌ని “ముదీర్”, అంటే అరబ్బీలో మేనేజర్, అనేవాడు.

దుబాయ్‌లో వారాంతపు సెలవులు శని ఆదివారాలకు మారిన ఏడాది, 2022లో, ఓ మధ్యాహ్నం మేస్త్రీ నా క్యాబిన్‌లోకి వచ్చి తలుపు వేశాడు.

“సార్, ఒక ముచ్చట చెప్పాలె. బయట అనకుండ్రి.”

“ఏమైంది మేస్త్రీ?”

“ముదీర్ చెయ్యికి తెలుస్తలేదు సార్. పోయిన వారం పాస్ జేసిన తలుపుల అల ఉన్నది. చిన్నది గాదు. మా ఇంట్ల ముసలామె చెయ్యి వెట్టినా తెలుస్తది.”

“మరి మీరు చెప్పలేదా?”

“నేనా? ఆయన ముంగట? మంచిగ చెప్పిన్రు సార్! మీరే చెప్పుండ్రి, దినాం పక్కన గూసుంటరు గద.”

నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండే దారి నాకు తెలుసు. మా నాన్నకు కళ్ళు మసకబారాక లారీ వెనక తలుపు మీద అక్షరాలు వంకరగా వేసేవాడు. షెడ్డు పేరు తన చేత్తో రాయడం ఆయన అలవాటు. ఆయన భోజనానికి వెళ్ళగానే పెయింటరు వాటిని చెరిపి సరిగ్గా రాసేవాడు. నాన్న తిరిగొచ్చి చూసి “బానే వచ్చింది” అనుకునేవాడు. ఈ సంగతి నేను మనుషుల మంచితనానికి ఉదాహరణగా చాలామందికి చెప్పాను.

“శుక్రవారం ఆయన వెళ్ళాక మీరే సరిచేసెయ్యండి. ఆయనకు తెలియక్కర్లేదు” అన్నాను.

మేస్త్రీ మొహం తేటపడింది. “గట్లయితె ఖలాస్ సార్. ఇజ్జత్ ఇజ్జత్ లెక్క ఉంటది, పని పని లెక్క ఉంటది.”

అలా మొదలైంది. శుక్రవారం తలుపులు పాస్ చేసి ఆయన నాతో ఇంటికి బయల్దేరేవారు. పాకిస్తానీ పనివాళ్ళు నమాజుకు వెళ్ళేవారు. షెడ్డులో మిగిలేది మేస్త్రీ, మనవాళ్ళు కొందరు. వాళ్ళు ఆయన గీత గీసిన తలుపుల్ని మళ్ళీ దించి, కింద డాలీ అనే ఇనుప దిమ్మ పెట్టి, పైనుంచి చిన్న సుత్తితో సరిచేసేవారు. లోపలి చాక్‌పీసు గీత చెరగకుండా జాగ్రత్తపడేవారు. ఏడాదిన్నర ఇలా సాగింది. కొన్న వాళ్ళెవరూ తలుపుల మీద ఫిర్యాదు చేయలేదు. పెట్టుబడిదారులు సంతోషంగా ఉన్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను. అది దాచను.

ఆ రోజుల్లోనే ఆయన కారులో ఓ కథ తరచూ చెప్పేవారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళట. గురువు ఓ మడ్‌గార్డు పాస్ చేశాడు. ఈయన చెయ్యి పెట్టి చూసి, “ఇక్కడ అల ఉంది” అన్నారు. షెడ్డులో అందరూ పని ఆపేశారట. గురువు ఎర్రగా చూసి మళ్ళీ నిమిరాడు. మూడోసారి నిమిరాడు. తర్వాత గ్లౌజు తీసి ఈయన మీదకు విసిరి, “రేపటి నుంచి నువ్వు చూడు” అని బీరు తాగడానికి వెళ్ళిపోయాడట. “నేను కోచ్‌బిల్డర్‌ని అయింది ఆ రోజే, ఆటోనగర్” అని ముగించేవారు. ముగించాక నావైపు చూస్తూ కాసేపు ఆగేవారు.

నేను ప్రతిసారీ “గొప్ప గురువు సార్” అనేవాణ్ని.

పెద్దవాళ్ళు చెప్పిందే చెప్తారు, ఓపిగ్గా వినాలి. నేను అలా పెరిగాను. ఎన్నో పుస్తకాలు చదివాను, మాటల వెనక మాటలు పట్టుకోవడం వచ్చనుకునేవాణ్ని. పక్క సీట్లో ఓ ముసలాయన నన్ను ఏం అడుగుతున్నాడో మాత్రం తెలుసుకోలేదు.

2023 చివర్లో ఓ శుక్రవారం. ఇంటికి వెళ్తున్నాం, సగం దూరం వచ్చేశాం. ఎవరో కస్టమర్ ఆయనకు ఫోన్ చేసి తన కారు తలుపు ఫొటో కావాలన్నాడు. ఆయన ఉత్సాహంగా “వెనక్కి తిప్పు, ఆటోనగర్. నేనే తీసి పంపిస్తాను” అన్నారు.

“సోమవారం తీద్దాం సార్. ఇప్పుడు ట్రాఫిక్.”

ఆయన అద్దంలోంచి రోడ్డుకేసి చూశారు. శుక్రవారం నమాజు వేళ. రోడ్డు ఖాళీగా ఉంది.

నేను కారు తిప్పాను. తిప్పుతూనే మేస్త్రీకి ఫోన్ కలిపాను. కారు స్పీకర్లో మోగింది. ఆయన పక్కనే ఉన్నా, తెలుగు రాదు కదా అని ధైర్యం.

“మేస్త్రీ, పెద్దాయన వస్తున్నారు. ఆపేసి తలుపులు స్టాండ్ల మీద పెట్టేయండి.”

“అయ్యో సార్! ఇంక ఒకటి గాలే. ఎంత దూరం ఉన్నరు? యల్లా, అరేయ్, ఎత్తుండ్రి, ఎత్తుండ్రి!”

అతని మాటల వెనక సుత్తి చప్పుడు వినిపిస్తోంది. టక టక టకమని, తేలిగ్గా, దగ్గర దగ్గరగా. మేస్త్రీ అరిచాక ఆగిపోయింది. నేను ఫోన్ పెట్టేశాను.

“ఏం చెప్పావు?” అని అడిగారు ఆయన.

“ఏసీ వేసి ఉంచమన్నాను సార్.”

ఆయన కారు స్పీకరుకేసి చూశారు. తర్వాత, “అది అల్యూమినియం. నునుపు చేసే దెబ్బ” అన్నారు. గొంతులో కోపం లేదు. “ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగారు.

నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను. తెలుగు రాని మనిషి పక్కన తెలుగులో అబద్ధం ఏర్పాటు చేశానన్న సిగ్గు అప్పుడు మొదలైంది.

“ఇంటికి పోనివ్వు” అన్నారు.

సోమవారం మేం వెళ్ళేసరికి షెడ్డు మధ్యలో మూడు తలుపులు స్టాండ్ల మీద ఉన్నాయి. వాటిని తనే పెట్టించానని చెప్పి అందర్నీ పిలిచారు. గ్లౌజు వేసుకున్నారు. మొదటి తలుపు నిమిరి, “బాగుంది” అన్నారు. రెండోది నిమిరి, “ఇందులో అల ఉంది” అన్నారు. మూడోది బాగుందన్నారు. తర్వాత మేస్త్రీవైపు తిరిగారు.

“ఉస్తాద్, తుమ్ దేఖో. సహీ యా గలత్?”

మేస్త్రీ మూడింటి మీదా చెయ్యి వేసి చూశాడు. మొదటి తలుపు దగ్గర అతని చెయ్యి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. నేలకేసి చూస్తూ, “సహీ సాబ్” అన్నాడు, ఆయన చెప్పిందే ఒప్పని.

“నువ్వు చెప్పు, ఆటోనగర్.”

షెడ్డులో పెరిగినవాణ్ని, నా చేతికీ కొంత తెలుసు. మొదటి తలుపుకు హ్యాండిల్ కింద ఉబ్బు ఉంది, వేలు ఆగేంత. రెండోదానికి ఏమీ లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. శుక్రవారం ఆయన దగ్గర్నుంచి ఓ వస్తువు దొంగిలించినట్టు, ఇప్పుడు దాన్ని తిరిగి ఇవ్వడానికి అవకాశం వచ్చినట్టు నాకు అనిపించింది.

“మీరు పట్టిందే సార్” అన్నాను.

ఆయన మొదటి తలుపును ఎత్తి వెనక్కి తిప్పారు. లోపలివైపు సుత్తి దెబ్బ, దాని చుట్టూ చాక్‌పీసు సున్నా.

“నిన్న వచ్చి నేనే కొట్టాను” అన్నారు.

తలుపును మళ్ళీ స్టాండు మీద పెట్టారు.

“నా వేళ్ళు మొద్దుబారాయని నాకు తెలుసు. షుగర్ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మీలో ఎవరో ఒకరు చెప్తారని చూశాను. చెప్పినవాడికి ఇది ఇద్దామనుకున్నాను.” గ్లౌజు తీసి చేతిలో పట్టుకున్నారు. “పిల్లలతో ఆడేటప్పుడు పెద్దవాళ్ళు ఓడిపోయినట్టు నటిస్తారు. మీరు నాతో అలా ఆడారు.”

మేస్త్రీకి ఇంగ్లీషు అంతగా రాకపోయినా విషయం తెలిసిపోయింది. “సాబ్, హమ్ తో ఆప్‌కీ ఇజ్జత్ కే లియే...” అన్నాడు, మీ పరువు కోసమేనని.

“ఇజ్జత్” అని ఆయన ఆ మాటను తిరిగి అన్నారు, అర్థం వెతుక్కుంటున్నట్టు. గ్లౌజు జేబులో పెట్టుకుని, “ఖలాస్” అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఇకమీదట తలుపులు పాస్ చేసేది ఉస్తాదేనని అందరికీ ఈమెయిల్ పెట్టమని మధ్యాహ్నం నాకు కబురు వచ్చింది. పెట్టాను. తర్వాత షెడ్డులోకి వెళ్ళి మేస్త్రీకి చదివి వినిపించాను. అతను సుత్తి కింద పెట్టి విన్నాడు.

“చేతికియ్యలె, ఈమెయిల్ల ఇచ్చిండా సార్?” అన్నాడు.

ఆయన నా కారు మానలేదు. మానేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. రోజూ అదే సమయానికి కిందికి వచ్చి, అదే సీట్లో కూర్చునేవారు. కథలు మాత్రం ఆగిపోయాయి. నన్ను ఇంటిపేరుతో, ముందు మిస్టర్ అని చేర్చి పిలవడం మొదలుపెట్టారు. మర్యాదలో ఎక్కడా లోటు లేదు. ఓసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ధైర్యం తెచ్చుకుని, “సార్, ఆ రోజు నేను చేసింది...” అని మొదలుపెట్టాను. “గ్రీన్ పడింది” అన్నారు ఆయన. నిజంగానే పడింది. వెనక కారు హారన్ కొడుతోంది.

2024 వేసవిలో ఓ పొద్దున ఆయన కిందికి రాలేదు. వాచ్‌మన్ పైకి వెళ్ళి చూసి నన్ను పిలిచాడు. నిద్రలోనే పోయారు. జర్మనీ నుంచి ఆయన అక్క కొడుకు శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. శవాలను పంపేముందు పాడవకుండా మందులు పెట్టే ఎంబామింగ్ సెంటర్‌కి మేస్త్రీ, మిగతావాళ్ళు కంపెనీ బస్సులో వచ్చారు. మన ఊళ్ళకు పంపే పెట్టెల మధ్య ఆయన పెట్టె ఉంది. చేతులు గుడ్డ కింద ఉన్నాయి, కనపడలేదు. మేస్త్రీ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. నా పక్కన నిలబడ్డ అక్క కొడుకు, “మామయ్య ఫోన్లో మీ గురించి చెప్పేవాడు. మీ నాన్నగారు కూడా ఇదే పని చేసేవారట కదా” అన్నాడు. అవునన్నాను. ఆ ఫోన్లు ఎప్పటివి, ఆ శుక్రవారానికి ముందువా తర్వాతవా అని అడగలేకపోయాను.

కంపెనీ ఆ ఇద్దరు పెట్టుబడిదారుల చేతికి వెళ్ళింది. షోరూమ్ గోడ మీద ఆయన జీవితం ఒక పేజీలో పెట్టాలనుకున్నారు. పుస్తకాలు చదివేవాణ్ననీ, ఆయనకు దగ్గరవాణ్ననీ నన్నే రాయమన్నారు. రాశాను. ఊరు, గురువు, షార్జా షెడ్డు, డేగల బండ్లు, చివరికి సొంత కారు. అలంకారాలు లేకుండా రాశాను. మార్కెటింగ్‌లో పనిచేసే హైదరాబాదు అమ్మాయి చదివి నా దగ్గరకు వచ్చింది.

“సూపర్‌గా ఉంది సార్. కానీ అసలు పాయింటే మిస్సయ్యారు. ప్రతి తలుపూ ఆయన చేత్తో చూసేవారు కదా. కస్టమర్లు అడిగేదే అది.”

“చివర్లో చూడలేదమ్మా” అని జరిగింది చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి “అయ్యో పాపం” అంది. తర్వాత, “కానీ సార్, ఇది గోడ మీద పెట్టలేం కదా. ఆయనకి గౌరవంగా ఉండదు” అంది.

ఆ అమ్మాయిని ఏమనగలను? గౌరవం అన్నా ఇజ్జత్ అన్నా, ఆ మాట నేనూ మేస్త్రీ ఏడాదిన్నర వాడుకున్నదే. వద్దని మేనేజరుకు చెప్పి చూశాను. గోడ మీద నా పేజీ వచ్చింది. చివర, ప్రతి తలుపూ ఆయన చేత్తో చూశారన్న వాక్యం చేర్చి ఉంది.

మొన్నీమధ్య తన కారు డెలివరీ తీసుకోవడానికి వచ్చిన ఒకతను దాన్ని చదువుతూ నిలబడ్డాడు. లెబనాన్ మనిషి, ఇక్కడే పెరిగాడట. కాగితాలు ఇవ్వడానికి వెళ్ళిన నన్ను చూసి, “మీరు ఆయనతో పనిచేశారా?” అని అడిగాడు. అవునన్నాను. తన కారు తలుపు మీద చెయ్యి పెట్టి, “అయితే దీన్ని ఆయన చేత్తో చూశారన్నమాట” అన్నాడు.

“లేదు. దీన్ని ఆయన చూడలేదు. చివర్లో ఆయన చేతికి స్పర్శ పోయింది. ఇది మా ఉస్తాద్ చూశాడు” అన్నాను.

ముందు అనుకుని అన్నది కాదు.  ఎదుటి మనిషి నొచ్చుకోలేదు, కోపగించుకోలేదు. ఇంత తేలికైన మాట. నాలుగేళ్ళు పక్కన కూర్చున్న మనిషికి దీన్ని చెప్పలేక, ముక్కూమొహం తెలియనివాడికి చెప్పాను.

అతను తలూపాడు. సీటు రంగు మార్చడం ఇప్పుడు కుదురుతుందా అని అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను.